ముళ్ళమొక్కకి ద్వాదశి పారణ

మా నర్సరీలో ముళ్ళమొక్కల షెడ్డు చూసుకోవడానికి ఈమధ్య కొత్తగా ఇద్దరు చేరారు. ఇద్దరూ మొక్కల చదువు చదువుకుని వచ్చినవాళ్ళే. మొన్న బందరులో మా ఇంటికొచ్చి, "ఖాసిం గారూ, ముప్ఫై నాలుగేళ్ళు చేశారు కదా, మాకు నాలుగు ముక్కలు రాసివ్వండి, షెడ్డు గోడకి అతికించుకుంటాం" అన్నారు.

గోడకి అతికించుకునేవన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి నాయనా. ఎంత ఎండ, ఏ మందు, ఎన్ని గ్రాములు, ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. ఆ మొక్కల ఇంగ్లీషు పేర్లు నాకు ఇప్పటికీ నోరు తిరగవు. తెల్ల ముళ్ళది, గుండుది, వంకర కొక్కాలది అని పిలుచుకుంటూనే రిటైరయ్యాను. అందుకని ఫోన్లో దొరకనివి రాస్తున్నాను. కాస్త పొడుగైంది, గోడకి పట్టదు. ఇద్దరూ కూర్చుని ఓపిగ్గా చదువుకోండి.

నీళ్ళ సంగతి

కాక్టస్ పెంచడం కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. పెంచడం చాలా తేలిక. వదిలేస్తే అదే పెరుగుతుంది. కష్టమంతా వదిలెయ్యడంలోనే ఉంది, అందులోనూ మన ఊళ్ళల్లో. మనం కాలవల కింద పుట్టినవాళ్ళం. మట్టి తడిగా కనపడకపోతే మనకి మనసొప్పదు. వరికి పెట్టినట్టు అన్నిటికీ నీళ్ళు పెట్టేస్తాం. నేను అమ్మిన మొక్కల్లో ఎండకి చచ్చినవి నా చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ప్రేమ ఎక్కువై చచ్చాయి.

"రోజూ పోస్తున్నానండీ, ఒక్కరోజు కూడా మర్చిపోలేదు, అయినా చచ్చిపోయింది" అని కుళ్ళిన మొక్క పట్టుకుని వస్తారు. అప్పుడు నవ్వకండి. కోప్పడకండి. నేను మొదట్లో రెండూ చేశాను. ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా గేటు తొక్కలేదు.

మట్టి గురించి ఒక్క ముక్క. మన నల్లమట్టి దీనికి పనికిరాదు, పిండి ముద్దలా నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. కాస్త ఎర్రమట్టి, కాస్త ఇటుక చూర, సగానికి సగం ముతక ఇసుక. ఆ ఇసుక దగ్గరే నా కథంతా ఉంది, వస్తాను.

రాలని పువ్వు

నర్సరీ యజమానిని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ, మమ్మల్ని కేకలేస్తూ కూర్చునేవారు. పని నేర్పింది ఆయనే. ఇప్పుడు లేరు కదా అని ఆయన్ని దేవుణ్ణి చేసి రాయను. ఆయనకి తెలిస్తే ఆయనే ఒప్పుకోరు.

గుడివాడలో ఒక ఫ్యాన్సీ షాపతను మా దగ్గర చిన్న కుండీలు టోకున తీసుకెళ్ళేవాడు. పూలు లేనివి ఎవరూ కొనడం లేదని, ఎండు పూలకి రంగేసి, వేడి జిగురుతో మొక్క నెత్తిన అతికించి పంపమన్నాడు. పెద్దాయన ఒప్పుకోరనుకున్నాను. ఒప్పేసుకున్నారు. అతికించింది నేనే. రోజుకి వంద దాకా అతికించేవాణ్ణి, చేయి తిరిగిపోయింది.

ఏడాది తరవాత నందివాడ నుంచి ఒక రైతు గారు వచ్చారు. మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో! "గుడివాడలో కొన్నానండీ, మీ నర్సరీదేనట. మొక్కంటే అదండీ మొక్క! ఏడాదైంది, పువ్వు రాల్లేదు సరికదా, వాడను కూడా వాడలేదు. మా వీధి వీధంతా వచ్చి చూసి వెళ్తున్నారు. మా వియ్యాలవారికి ఇస్తాను, అలాంటివే ఇంకో ఆరు ఇప్పించండి" అన్నాడు.

నవ్వాపుకోలేక చచ్చాను. ఆరూ కట్టి ఇచ్చేశాను. ఆయన బస్సెక్కిన తరవాత నవ్వు దానంతట అదే పోయింది. ఆ పువ్వు అతికించిందని చెప్పినా బాగుండేది. ఆ జిగురు కింద మొక్కకి ఊపిరాడదు, నెత్తిలోంచి కుళ్ళడం మొదలవుతుంది. ఇవాళో రేపో ఆ వియ్యాలవారి ముందు ఆయన పరువేమవుతుంది?

పెద్దాయనకి చెప్పాను. "రేపట్నించి అతికించకు" అన్నారు, అంతే. గుడివాడ షాపతను అలిగి రావడం మానేశాడు. నేను మాత్రం నందివాడ మీదుగా వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ బస్సులో కిటికీ పక్కన కూర్చోను.

అంత బుద్ధొచ్చిందనుకున్నానా, మళ్ళీ అదే తప్పు చేశాను. ఈసారి ఇంకా పెద్దది.

కోడూరు కుండీ

వరలక్ష్మిది కోడూరు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. లైనింగు గుడ్డ కొనుక్కోవడానికి బందరు వచ్చినప్పుడు ఒకసారి మా గేటు దగ్గర ఆగి ఒక కుండీ కొనుక్కుంది. అరచేతిలో పట్టేంత గుండు, ఒళ్ళంతా తెల్లటి ముళ్ళు, నెత్తి చుట్టూ గాజు తొడిగినట్టు గులాబీ రంగు పూలు. కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుని వెళ్ళింది.

మూడో ఏడు ఎండాకాలం మొదట్లో అదే కుండీ పట్టుకుని వచ్చింది. ముఖంలో కళ లేదు. "బాబాయ్‌గారూ, ఇది మళ్ళీ పూయలేదండీ" అంది.

ఇంట్లో అత్తగారు మాణిక్యమ్మగారు. ముళ్ళమొక్క ఇంట్లో ఉంటే మనుషుల మధ్య గొడవలొస్తాయని ఆవిడ నమ్మకం. కొన్నరోజు నుంచీ అదే పోరు. పూసినంతకాలం పువ్వు ముఖం చూసి ఊరుకున్నారట. పూయడం మానేశాక పట్టు పట్టారు. ఆఖరికి వీధిలో నలుగురి ముందూ ఒక మాట అనేశారు. "వచ్చే శివరాత్రికి పూసిందా, ఉంటుంది. లేదా, నా చేత్తో నేనే తీసుకెళ్ళి కాలవలో పడేస్తాను." ఆవిడ ఒక మాటంటే ఇక అంతేనట, ఊరంతటికీ తెలుసట.

"రోజూ పొద్దున్నే స్నానం చేసి తులసమ్మకి నీళ్ళు పోస్తారండీ. చెంబులో మిగిలినవి పక్కనే ఉన్న దీని మీద కుమ్మరించేస్తారు. వద్దంటే ఇంకో గొడవ" అంది వరలక్ష్మి.

ఓహో, ముసలావిడ మామూలుది కాదు అనుకున్నాను. నోటితో పారెయ్యమంటోంది, చేత్తో నీళ్ళు పోసి చంపుతోంది. ఆ మాటే పైకి అనేశాను కూడా. వరలక్ష్మి నవ్వలేదు.

"మీ దగ్గరే ఉంచుకోండి బాబాయ్‌గారూ. మాఘమాసంలో వచ్చి తీసుకెళ్తాను. పూయిస్తారా?"

"పూయించకపోతే నా పేరు ఖాసిమే కాదు, పో" అన్నాను.

వినండి. మొక్క తరఫున ఎప్పుడూ మాటివ్వకండి. పూస్తానని అది మనతో ఏమీ ఒప్పందం రాసుకోలేదు.

రుచి చూడని ఇసుక

ఇసుక లోడు వస్తే చిటికెడు నాలిక మీద వేసుకుని చూడాలి. ఇది పెద్దాయన నాకు నేర్పిన మొదటి పని. ఉప్పు తగిలితే లోడు వెనక్కి. మన దగ్గర సముద్రం ఎక్కడిదాకా వచ్చి వెళ్తుందో కంటికి తెలియదు, నాలిక్కే తెలుస్తుంది. నేను వేల చిటికెళ్ళు చూసి ఉంటాను.

వరలక్ష్మి కుండీ ఇచ్చి వెళ్ళిన కొద్దిరోజులకి కొత్త లోడు వచ్చింది. అప్పుడు రంజాన్ నెల. నేను రోజాలో ఉన్నాను. పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని, ఇసుక నోట్లో ఎలా వేసుకుంటాను? సాయంత్రం దాకా లోడు పక్కన పెట్టొచ్చు. పక్కవాణ్ణి పిలిచి రుచి చూడమనొచ్చు. కానీ ఆ షెడ్డుకి పెద్దని నేను. ఇన్నేళ్ళ చెయ్యి, నా కంటికి తెలియదా అనుకున్నాను. గుప్పెడు తీసి చూశాను. బంగారంలాంటి ముతక ఇసుక. "నది ఇసుకేనండీ" అన్నాడు ట్రాక్టరతను. దింపించేశాను.

ఆ వారంలోనే షెడ్డులో సగం కుండీలకి మట్టి మార్చాను. నీళ్ళు తాగి తాగి ఉన్న వేళ్ళు, ముందు దీనికే మార్చాలని కోడూరు కుండీకి అందరికంటే ముందు మార్చాను.

తొలకరి పడ్డాక ఒకరోజు దాని మొదలు వేలితో నొక్కి చూశాను. పండిన సపోటాలా మెత్తగా దిగిపోయింది. పక్కది నొక్కాను, అదీ అంతే. ఆ వరసంతా అంతే. అప్పుడు చిటికెడు ఇసుక తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. తుపుక్కున ఉమ్మేసి అక్కడే కూలబడ్డాను. ట్రాక్టరతన్ని పిలిచి గట్టిగా అడిగితే, హంసలదీవి దిక్కున తవ్వారు కాబోలు అన్నాడు. నది ఇసుకేనన్నాడు, అబద్ధం కాదు. ఆ నది అక్కడ సముద్రంలో కలుస్తోందని మాత్రం చెప్పలేదు. అతన్ని ఏమనను? చూడాల్సిన నాలిక నాది.

గులాబీ పూసే రకం మొత్తం పోయింది. కోడూరు దానికి పైవైపున రేగుపండంత పిలక ఒకటి పచ్చగా మిగిలి ఉంది. దాన్ని కోసి, పదిరోజులు నీడన ఆరబెట్టి, చెవి విరిగిన టీ కప్పులో ఇటుక చూర పోసి దాంట్లో కూర్చోబెట్టాను. బతుకుతుందన్న ఆశ కూడా లేదు. పారెయ్యడానికి చేతులు రాలేదు, అంతే.

పెద్దాయన నష్టం గురించి ఒక్క మాట అనలేదు. "కోడూరమ్మాయికి చెప్పావా?" అన్నారు.

"ఫోన్ చేసి చెప్పానండి" అన్నాను.

చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ కార్తీకం వెళ్ళిపోయింది. మాఘం రానే వచ్చింది, వరలక్ష్మి కూడా వచ్చింది. "అత్తయ్య రోజులు లెక్కపెడుతున్నారండీ" అంటూ సంచీ తెరిచి పట్టుకుంది. ఆ అమ్మాయి ముఖం చూసి నాకు నోరు రాలేదు. అప్పటికే, అంతే సైజులో, అలాంటి తెల్ల ముళ్ళే ఉండి, నెత్తి చుట్టూ మొగ్గలు తొడుగుతున్న ఇంకో మొక్కని తీసి ఆ కుండీలోనే పెట్టి ఉంచాను. అది పూస్తే మీగడ తెలుపు పూస్తుందని నాకు తెలుసు. ఇచ్చేశాను.

"అమ్మో, ఎన్ని మొగ్గలో!" అని కుండీని ఒక్క క్షణం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం నాకు చాలాకాలం గుచ్చుకుంది.

మాణిక్యమ్మగారు

శివరాత్రి వెళ్ళిన వారానికి, పొద్దున పదకొండింటప్పుడు, డెబ్భై దాటిన ఒకావిడ గుడ్డసంచీతో మా గేటు లోపలికి వచ్చారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. సరాసరి షెడ్డు దగ్గరికే వచ్చారు.

"ఖాసిం అంటే నువ్వేనా?"

"నేనేనండి. కూర్చోండి పిన్నిగారూ."

"కూర్చోవడానికి రాలేదు." సంచీలోంచి కుండీ తీసి బల్ల మీద పెట్టారు. చూడగానే ఎవరో అర్థమైంది. "పూసింది" అన్నారు.

"సంతోషమండి."

"తెల్లగా పూసింది."

నేను కుండీ అంచున అంటిన మట్టి తుడవడం మొదలుపెట్టాను.

"మాది గులాబీ. కొనుక్కొచ్చినరోజు కళ్ళారా చూశాను. మొక్క ముదిరితే పువ్వు రంగు మారుతుందంటుంది మా కోడలు. మారుతుందా?"

తలుపు తీసి పెట్టినట్టు తీసి పెట్టారావిడ. మారుతుందండి అంటే అయిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. వెనకాల గేటు పక్క కుర్చీలో, పొద్దుట్నించీ దగ్గుతున్న పెద్దాయన దగ్గడం ఆపి వింటున్నారని తెలుస్తోంది.

"మారదండి" అన్నాను.

"మరి మా మొక్కేదీ?"

"చచ్చిపోయిందండి. నా వల్లే చచ్చిపోయింది."

ఆవిడ అప్పుడు కూర్చున్నారు. "ఎప్పుడు?"

"వానలప్పుడండి."

"అప్పట్నించీ చెప్పలేదా? మా కోడలు వచ్చి నిలబడ్డరోజున కూడా?"

"చెప్పలేదండి."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "మూడేళ్ళు నీళ్ళు పోశానయ్యా దానికి" అన్నారు.

నాకు ఆశ్చర్యం ఆగలేదు. "పిన్నిగారూ, తప్పుగా అనుకోకండి. మీరు దాన్ని చంపడానికే పోస్తున్నారనుకున్నాను."

"చంపడానికా!" అంటూ లేచి నిలబడ్డారు. "ఏమయ్యా, మొక్కని చంపడానికి ఎవరైనా నీళ్ళు పోస్తారా? బుద్ధుందా నీకు? ఇంట్లో వద్దన్నాను, నిజమే. ఉన్నన్నాళ్ళూ దాని నోరెండగడతానా? తులసమ్మకి పోసి, పక్కనున్నదాన్ని ఎండబెడితే ఆ పుణ్యం నాకెందుకు?"

ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డులో నిలబడి మనుషుల్ని చూశాను, ఒక్క మనిషి కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదని ఆ నిమిషాన అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికి వెళ్ళి ఆ టీ కప్పు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. పిలక వేరు పట్టి ఉసిరికాయంత అయింది.

"ఇది దాని పిలకండి. ఇదొక్కటే మిగిలింది. పూయడానికి నాలుగైదేళ్ళు పట్టొచ్చు, అసలు పూస్తుందో లేదో కూడా చెప్పలేను."

కప్పుని ఎత్తి నాలుగు వైపులా తిప్పి చూశారు. "అయితే అది బతికే ఉందన్నమాట" అన్నారు. ఆ గొంతు విని నా కళ్ళు చెమర్చాయి.

పారణ

అసలు చిక్కు అప్పుడొచ్చింది. పదిహేను రోజులకోసారి అర గ్లాసు నీళ్ళు చాలు, రోజూ పోస్తే ఇదీ పోతుందని చెప్పాను. "చెప్పడం తేలికే నాయనా. రోజూ చెంబు పట్టుకుని దాన్ని దాటిపోవాలంటే నా వల్ల కాదు. చెయ్యి ఆగదు" అన్నారు. కుండీని అటువైపు గోడ మీద పెట్టుకోమన్నాను. అక్కడికీ వెళ్ళి పోసొస్తానన్నారు. నిజాయితీగల మనిషి.

ఆఖరికి ఆవిడే ఒక దారి చెప్పారు. "నేను ఏకాదశికి ఉపవాసం ఉంటాను. ద్వాదశి నాడు పొద్దున పారణ చేస్తాను. పోనీ, ఇది కూడా ఉపవాసం ఉందనుకుంటే?"

"అనుకోవడమేంటండీ, ఉంటుంది. మీది ఒక్కరోజు, దానిది రెండు వారాలు. మీరు ద్వాదశి నాడు పారణ చేసేటప్పుడు దానికీ అర గ్లాసు పోయండి. మధ్యలో చెయ్యి లాగితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు కంచం పెట్టి తినమనకూడదు."

ఆవిడ మొదటిసారి నవ్వారు. "నీకెలా తెలుసు ఈ ఉపవాసాల సంగతి?"

"మాకూ నెల రోజులుంటాయండి."

"ఆ, అవును. మీదీ గట్టి ఉపవాసమే" అని తలూపారు. వానాకాలం చూరు కింద పెట్టి ఒట్టిగా ఉంచాలని, కార్తీకం నుంచి మాఘం దాకా నెలకి ఒక్క ద్వాదశే చాలని ఒప్పించాను. తెల్లదాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళమన్నాను. ఒప్పుకోలేదు. "మా గడప తొక్కాక దాన్నెలా వదులుతాను? అది వరలక్ష్మిది. ఇది నాది. కోడలికి మాత్రం ఈ సంగతులేవీ చెప్పకు, పిచ్చిపిల్ల, గెలిచానని సంబరపడుతోంది. నేనిచ్చిన మాట ఈ మొక్క మీద కాదు కాబట్టి అది ఇంకా తీరలేదు. మా గులాబీ పూసినరోజే తీరినట్టు. అది నాకూ నీకూ మధ్య" అన్నారు.

ఆవిడ బస్సెక్కాక పెద్దాయన పిలిచారు. "ఆవిడకి మజ్జిగిచ్చావా?"

"ఇచ్చానండి."

"చచ్చిన మొక్కని చచ్చిందని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది ఖాసిం?"

"నిమిషం పడుతుందండి."

"నీకు ఎనిమిది నెలలు పట్టింది" అన్నారు. దాని తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎవరికీ చచ్చిన మొక్క బతికే ఉందని చెప్పలేదు.

పారణ పద్ధతి మాత్రం పట్టుకున్నాను. ఏకాదశి ఉండే ఇళ్ళవాళ్ళకి ద్వాదశి అనీ, మా వాళ్ళకి నెలలో రెండు జుమ్మాలనీ, చర్చికెళ్ళేవాళ్ళకి ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారమనీ చెప్పడం మొదలుపెట్టాను. పదిహేను రోజులకోసారి అంటే ఎవరికీ గుర్తుండదు. ఉపవాసం అంటే ఒక్కరూ మర్చిపోరు. కుళ్ళిన మొక్కలు పట్టుకుని వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. ఇది మీ ఫోన్లో లేదు, రాసుకోండి.

అర గ్లాసు

నేను రిటైరయ్యాక, మొన్న రంజాన్‌లో, వరలక్ష్మి ఫోన్ చేసింది. "బాబాయ్‌గారూ, అత్తయ్య మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు. ద్వాదశి నాడే రావాలట. ఎందుకో చెప్పరు." ఆ కప్పు వాళ్ళింటికి వెళ్ళి అప్పటికి అయిదేళ్ళు. నాకు కబురు అందినట్టే అయింది. అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ పెళ్ళికి వెళ్తున్నట్టే ఉంది.

వరలక్ష్మి వీధి మొగలోనే ఎదురొచ్చింది. "బాబాయ్‌గారూ, ఇంట్లోకి వెళ్ళేలోపు ఒక మాట. ఆ తెల్లది మా మొక్క కాదని నాకు మొదటిరోజే తెలుసండీ. మా దానికి మొదలు దగ్గర నా కత్తెర పడిన గాటుండేది, దీనికి లేదు. అయినా మొగ్గలున్నాయి కదా, అత్తయ్య పారెయ్యరు కదా అని తీసుకెళ్ళిపోయాను. రంగు మారుతుందని అబద్ధం కూడా నేనే ఆడాను. అత్తయ్యకి చెప్పకండేం?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీకు ఆ రోజు అబద్ధం ఇచ్చి పంపానమ్మా, క్షమించు" అన్నాను. "పోనిద్దురూ" అంది. గుప్పెడు మొక్క చుట్టూ ముగ్గురం మూడు అబద్ధాలు మోస్తున్నాం ఇన్నేళ్ళుగా, ఒకరికి తెలియకుండా ఒకరం. ముళ్ళమొక్క ఉంటే గొడవలొస్తాయని ఎవరన్నారో గానీ, ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకరినొకరు కాచుకుంటూనే బతికేశారు.

కుట్టుమిషను పక్క కిటికీలో రెండు కుండీలున్నాయి. ఒకటి తెల్లది, పూత అయిపోవచ్చింది. ఇంకోటి గులాబీ. నెత్తి చుట్టూ నిండుగా, ఒక్క పువ్వు కూడా తగ్గకుండా. ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఇన్నేళ్ళ నౌకరీలో లక్ష పూలు చూసి ఉంటాను, ఒక పువ్వు చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మాణిక్యమ్మగారికి ఇప్పుడు నడుం కాస్త వంగింది. గొంతు మాత్రం అదే. "చూశావుగా. ఇక నీ పని ఒకటుంది. కిందటి వానల్లో కప్పు పగిలిపోయింది. నేనే కుండీలోకి మార్చాను. పక్కింటివాళ్ళు ఇల్లు కట్టుకుంటుంటే వాళ్ళ ఇసుక గుప్పెడు తీసుకున్నాను. అది మంచిదో కాదో నువ్వు చెప్పాలి. పువ్వు చూసి నేను మోసపోను. చచ్చేముందు కూడా పూసేవి ఉంటాయని విన్నాను" అన్నారు.

నిజమే. వేరు దెబ్బతిన్న మొక్క ఆఖరిసారిగా విరగబూసి పోవడం నేను చూశాను. కుండీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని మొదలు వేలితో నొక్కి చూశాను. ఇసుక ముతకగానే ఉంది, మొదలు గట్టిగానే ఉంది. కానీ ఆ రోజు కూడా నా కంటికి అంతా బాగానే కనపడింది.

"పిన్నిగారూ, ఇది కంటితో చెప్పేది కాదండి. నోట్లో వేసుకుని చూడాలి. నేను రోజాలో ఉన్నాను. పొద్దుగూకాక చెప్తాను" అన్నాను. అప్పుడు, అయిదేళ్ళకి పైగా దాచుకున్నది, ఆ లోడు ఇసుక రుచి చూడకుండా దింపించుకున్న నా తప్పు ఇద్దరికీ చెప్పేశాను, వాళ్ళ రహస్యాల జోలికి మాత్రం పోలేదు.

మాణిక్యమ్మగారు తాపీగా విన్నారు. "అందుకేగా ద్వాదశి నాడు రమ్మన్నాను. పొద్దున నా పారణ అయిపోయింది. నువ్వు ఉపవాసంతో వస్తావని దీనిది ఆపాను. సాయంత్రం ఇద్దరూ కలిసే తీర్చుకోండి" అన్నారు.

సాయంత్రం దాకా ఉన్నాను. వరలక్ష్మి జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. పొద్దు వాలింది, నా ఫోన్లో అజాన్ వినిపించింది. వరలక్ష్మి పళ్ళెంలో ఖర్జూరాలు, మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. నేను ఖర్జూరం నోట్లో పెట్టుకుంటుంటే మాణిక్యమ్మగారు అర గ్లాసు నీళ్ళు కుండీ అంచు వెంట మెల్లగా పోశారు. నేను నీళ్ళు తాగాను. కుండీలోంచి తడి ఇసుక చిటికెడు తీసుకున్నాను. నాలిక మీద వేసుకున్నాను.

అత్తాకోడళ్ళిద్దరూ నా నోటివైపే చూస్తున్నారు.

"చప్పగా ఉందండి. మంచి ఇసుకే" అన్నాను.

"అయితే ఉంటుంది" అన్నారు మాణిక్యమ్మగారు.